ఓడ దిగితేనే పిస్టను... అప్పుడే కదిలేది జావా

అండమాన్‌లో పాత రెండు స్ట్రోకుల మోటారు సైకిళ్లకు విడిభాగాల కొరత

సిప్పీఘాట్ (దక్షిణ అండమాన్): అరచేతిలో ఇమిడిపోయే రబ్బరు చక్రం అది. మెకానిక్కులు దానిని ఆయిల్ సీలు అంటారు. దాని వెల పెద్దది కాదు. అయితే అది ఎండి గట్టిపడిన నాడు పాత జావా గానీ, రాజ్‌దూత్ గానీ, యమహా ఆర్‌ఎక్స్ 100 గానీ మూలన నిలబడవలసిందే. విజయవాడలోనో, హైదరాబాదులోనో ఉన్న యజమాని అరపూట తిరిగి దానిని సంపాదించుకోగలడు. సిప్పీఘాట్‌లో ఉన్న యజమానికి, ఆ చక్రానికి మధ్య బంగాళాఖాతం ఉన్నది.

దేశంలో రెండు స్ట్రోకుల మోటారు సైకిళ్ల ఉత్పత్తి ఆగిపోయి చాలాకాలమైంది. ఆ బండ్ల మీద మోజు మాత్రం తగ్గకపోగా ఇటీవలి సంవత్సరాలలో పెరిగింది. తండ్రులు, మేనమామలు నడిపిన బండ్లను షెడ్లలోంచి బయటకు తీసి మరల రోడ్డెక్కించాలన్న ఉత్సాహం పట్టణాలలోనే కాక చిన్న ఊళ్లలోనూ కనిపిస్తున్నది. ఈ ఉత్సాహానికి పెద్ద అడ్డంకి డబ్బు కాదు, విడిభాగాలు. ప్రధాన భూభాగంలోనే కష్టమైన ఈ వేట ద్వీపాలలో ఇంకెంత కష్టమో ఊహించవచ్చు.

ఉప్పుగాలి, ఉప్పునీరు

ఇటీవలి వరకు పోర్ట్ బ్లెయిర్‌గా పిలిచి, 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం శ్రీ విజయపురంగా పేరు మార్చిన ద్వీప రాజధానికి సుమారు 14 కిలోమీటర్ల దూరంలో, వండూర్ వైపు వెళ్లే దారిలో ఉన్నది సిప్పీఘాట్. లవంగం, జాజికాయ, మిరియం, కొబ్బరి పండించే ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం కారణంగా ఈ పేరు పర్యాటకులకు పరిచయమైంది. 2004 డిసెంబరు 26 నాటి భూకంపం, సునామీలతో మరో రకంగా వార్తలకెక్కింది. ఆ భూకంపంలో దక్షిణ అండమాన్ భూమట్టం దాదాపు ఒక మీటరు మేర కుంగింది. ఫలితంగా సిప్పీఘాట్ పల్లపు భూములలోకి సముద్రపు నీరు చొచ్చుకువచ్చి, వరి పండిన పొలాలు ఉప్పునీటి మడుగులుగా మారాయి. నాటి అల వెనక్కు తగ్గినా భూమి మాత్రం తిరిగి పైకి లేవలేదు.

ఇటువంటి చోట ఇనుముతో చేసిన ఏ వస్తువుకైనా ఆయువు తక్కువే. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం, ఏడాది పొడవునా గాలిలో తేమ, ఆ తేమలో ఉప్పు. మైదాన ప్రాంతంలో ఇరవై ఏళ్లు కప్పి ఉంచిన బండికి దుమ్ము పట్టవచ్చు. ఇక్కడ అదే బండికి మడ్‌గార్డు అంచులు చిల్లులు పడతాయి, చక్రాల ఊచలు విరుగుతాయి, అల్యూమినియం ఇంజను పెట్టెలో బిగించిన ఉక్కు మరలు కదలకుండా పట్టేస్తాయి. తేమకు ఉప్పు తోడైనపుడు ఉక్కు, అల్యూమినియం రెండూ తాకిన చోట అల్యూమినియం త్వరితంగా తినబడుతుందన్నది లోహశాస్త్రం చెప్పే విషయమే. ఆ మరను బలవంతంగా తిప్పితే తల తెగుతుంది; తెగితే లేతు మీద పని. బండిని విప్పడమే సగం మరమ్మతుగా మారడం ఇక్కడి ప్రత్యేకత.

పాత జావాలకు ఈ వాతావరణం మరింత కీడు చేస్తుంది. వాటి పెట్రోలు ట్యాంకు పక్కలకు వేసిన క్రోమియం పూత ఆ బండికి సగం అందం. ఆ పూతలో సన్నని పగులు ఏర్పడినా దాని కింద తుప్పు పాకిపోతుంది. మరల పూత పూయించాలంటే ముందుగా పాత పూతను, తుప్పును పూర్తిగా తొలగించాలి. అప్పటికే పల్చబడిన రేకు అందులో చిల్లు పడటం సాధారణం.

విశాఖ రేవు దారి

అండమాన్ నికోబార్ దీవులలో తెలుగు వారి సంఖ్య తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల మొత్తం జనాభా 3,80,581. వారిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తరువాతి స్థానం తెలుగుదే. వీరిలో అధికులు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి చేపల వేటకో, నిర్మాణ పనులకో, ప్రభుత్వోద్యోగాలకో వచ్చి స్థిరపడిన కుటుంబాల వారు. బంధుత్వాలతో పాటు సరుకుల రాకపోకలకు కూడా విశాఖ రేవు వీరికి ముఖద్వారం.

విశాఖపట్నానికి, ద్వీప రాజధానికి మధ్య సముద్ర దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. ప్రయాణికుల ఓడకు రెండున్నర నుంచి మూడు రోజులు పడుతుంది. చెన్నై, కోల్‌కతాల నుంచి వచ్చే ఓడలతో పోలిస్తే విశాఖ నుంచి వచ్చేవి తక్కువ. అందువల్ల విశాఖలో ఎవరో బంధువు కొని సిద్ధంగా ఉంచిన పిస్టను కూడా ఓడ కోసం వారాల తరబడి ఎదురు చూడవలసి రావచ్చు. చిన్న వస్తువులకు తపాలా, విమానం ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి గానీ, ఒకసారి పెట్రోలు నిండిన కార్బురేటరు, ట్యాంకు, ఇంజను వంటి వాటిని పూర్తిగా ఖాళీ చేసి శుభ్రపరచనిదే విమాన రవాణా నిబంధనలు ప్రమాదకర వస్తువులుగానే పరిగణిస్తాయి. పాత సామాను కొన్నవారికి ఈ సంగతి చాలాసార్లు విమానాశ్రయంలోనే తెలుస్తుంది.

దూరం కంటె పెద్ద నష్టం మరొకటి ఉన్నది. పాత బండి విడిభాగాన్ని కంటితో చూసి, చేత్తో తడిమి, పాతదాని పక్కన పెట్టి కొలుచుకొని కొనవలసి ఉంటుంది. ద్వీపవాసికి ఆ అవకాశం లేదు. ఫోను మీద చెప్పిన కొలతను నమ్మి డబ్బు పంపాలి. వచ్చినది సరిపోకపోతే మరొక ఓడ.

1996: ఒకే ఏడు రెండు ముగింపులు

నేడు పునరుద్ధరణకు నోచుకుంటున్న రెండు స్ట్రోకుల బండ్లలో పేరెన్నికగన్నవి నాలుగైదే. వాటన్నిటిలోకి చరిత్ర గలది జావా. చెకోస్లోవేకియాలో 1929లో పుట్టిన ఈ పేరు యానెచెక్ అనే పారిశ్రామికుని పేరులోని మొదటి అక్షరాలు, వాండరర్ అనే జర్మన్ సంస్థ పేరులోని మొదటి అక్షరాలు కలిసి ఏర్పడింది. రుస్తుం ఇరానీ స్థాపించిన ఐడియల్ జావా సంస్థ మైసూరులో ఈ మోటారు సైకిళ్లను తయారు చేసింది. అప్పటి మైసూరు గవర్నరు జయచామరాజ వడయార్ 1961లో ఆ కర్మాగారాన్ని ప్రారంభించారు. 1970 దశకంలో బండి పేరు యెజ్డిగా మారింది. 248.5 సి.సి. ఇంజను, ఒకే సిలిండరుకు రెండు సైలెన్సర్లు, కిక్ కొట్టే లివరునే ముందుకు వంచి గేరు లివరుగా వాడుకొనే ఏర్పాటు దీని ప్రత్యేకతలు. 1996లో మైసూరు కర్మాగారం మూతపడింది.

అదే 1996లో యమహా ఆర్‌ఎక్స్ 100 ఉత్పత్తి కూడా నిలిచింది. 1985లో ఎస్కార్ట్స్ సంస్థ జపాన్‌కు చెందిన యమహా సహకారంతో విడుదల చేసిన ఈ 98 సి.సి. బండి, తేలికపాటి బరువుకు 11 అశ్వశక్తుల ఇంజను తోడవడంతో కుర్రకారును వెర్రెత్తించింది. తెలుగునాట కళాశాలల ముందు ఆగిన ఆర్‌ఎక్స్ 100 ఒక హోదా. దాని శబ్దం విని బండిని గుర్తుపట్టగలిగిన వారు ఆ తరంలో ప్రతి వీధికీ ఉండేవారు.

ఎస్కార్ట్స్ వారిదే మరో బండి రాజ్‌దూత్ 350. యమహా ఆర్‌డి 350 నమూనాకు భారతీయ రూపమైన ఈ రెండు సిలిండర్ల వాహనం 1983లో వచ్చింది. ఆరు గేర్లు, 347 సి.సి. ఇంజను గల ఈ బండి ఆనాటి సగటు కొనుగోలుదారుకు వేగంలో ఎక్కువ, మైలేజీలో తక్కువ, విడిభాగాల ధరలో భరించరానిది అనిపించింది. దశాబ్దం గడవక ముందే అంతర్ధానమైంది. ఆనాడు ఎవరికీ అక్కరలేని బండి నేడు పోగుదారులకు అందని మామిడి కావడం మార్కెట్టు విచిత్రాలలో ఒకటి. పోలండ్‌కు చెందిన ఎస్‌హెచ్‌ఎల్ నమూనా ఆధారంగా 1962 నుంచి ఎస్కార్ట్స్ తయారు చేసిన రాజ్‌దూత్ 175 మాత్రం పాలవాళ్ల బండిగా, పల్లెటూరి బండిగా దశాబ్దాల పాటు సాగింది. ఇంకా బజాజ్ కవాసాకి కేబీ 100, టీవీఎస్ వారి ఇండ్-సుజుకి, ఎన్‌ఫీల్డ్ ఫ్యూరీ వంటివి ఈ జాబితాలో చేరతాయి.

స్కూటర్లు, మోపెడ్ల సంగతికి వస్తే తెలుగు రాష్ట్రాల పాత్ర కూడా చెప్పుకోవలసి ఉంటుంది. హైదరాబాదు ఆల్విన్ సంస్థ లాంబ్రెటా రకపు పుష్పక్ స్కూటరును, ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ సంస్థ వెస్పా రకపు స్కూటరును, తిరుపతిలోని మోపెడ్స్ ఇండియా సంస్థ ఫ్రాన్సుకు చెందిన మోటోబెకేన్ సహకారంతో సువేగా మోపెడ్‌ను తయారు చేశాయి. ఇవేవీ నేడు లేవు. తయారీదారు లేని బండికి విడిభాగాలు సరఫరా చేసే బాధ్యత ఎవరి మీదా ఉండదు.

రెండు స్ట్రోకుల ఇంజన్లు తెరమరుగు కావడానికి కారణం తెలిసినదే. పెట్రోలు, గాలి మిశ్రమంలో కొంత భాగం మండకుండానే పొగగొట్టం గుండా బయటకు పోవడం, దానితో పాటు నూనె కాలిపోవడం ఈ ఇంజన్ల పుట్టులోపం. ద్విచక్ర వాహనాలకు 1991లో మొదలైన కాలుష్య ప్రమాణాలు 1996లోను, 2000లోను కఠినతరమయ్యాయి. మరోవైపు 1985లో వచ్చిన హీరో హోండా నాలుగు స్ట్రోకుల బండి లీటరుకు ఎక్కువ దూరం నడిచి చూపింది. చట్టం ఒక పక్క, జేబు ఒక పక్క లాగేసరికి ఫలితం తేలిపోయింది.

గాలి బిగువే ప్రాణం

విడిభాగాల వేట ఎందుకంత పట్టింపుగా ఉంటుందో అర్థం కావాలంటే ఈ ఇంజను పనితీరును కొంత తెలుసుకోవాలి. నాలుగు స్ట్రోకుల ఇంజనులో కిందిభాగం నూనె తొట్టి మాత్రమే. రెండు స్ట్రోకుల ఇంజనులో క్రాంకు తిరిగే గది కూడా ఊపిరి తీసుకుంటుంది. పిస్టను పైకి లేచినపుడు ఆ గదిలోకి మిశ్రమం పీల్చబడుతుంది. కిందికి దిగినపుడు నొక్కబడి పక్క దారుల గుండా పిస్టను పైకి చేరుతుంది. కనుక ఆ గదికి గాలి చొరబడని బిగువు అత్యవసరం. క్రాంకు ఇరుచివరల ఉండే ఆయిల్ సీళ్లే ఆ బిగువును కాపాడతాయి.

ఇరవై, ముప్ఫై ఏళ్లు కదలకుండా ఉన్న బండిలో రబ్బరు గట్టిపడి సీళ్లు పట్టు కోల్పోతాయి. ఒకవైపు సీలు పోతే గేరు పెట్టెలోని నూనె ఇంజనులోకి చేరి తెల్లని పొగ వస్తుంది. అది కంటికి కనిపించే జబ్బు. రెండోవైపు, మ్యాగ్నెటో పక్కన ఉండే సీలు పోతే బయటి గాలి లోపలికి చేరి మిశ్రమం పలచబడుతుంది. పొగ రాదు, పైగా ఇంజను మామూలు కంటె చురుకుగా తిరుగుతున్నట్లు అనిపిస్తుంది. ఆ భ్రమలో యజమాని బండిని లాగించగా వేడెక్కిన పిస్టను సిలిండరుకు పట్టేస్తుంది. మెకానిక్కుల భాషలో బండి సీజయింది. వేలు ఖర్చు చేసి రంగు వేయించి, కొత్త టైర్లు తొడిగించిన బండి ఒక చిన్న సీలు కారణంగా తొలి ప్రయాణంలోనే ఆగిపోయిన సందర్భాలు ఈ రంగంలో కొత్త కాదు. రంగు కనిపిస్తుంది, సీలు కనిపించదు. కనుకనే రంగుకు ముందు డబ్బు ఖర్చవుతుంది.

పట్టేసిన పిస్టనుకు మందు సిలిండరును బోరింగు చేయించి పెద్ద సైజు పిస్టను వేయడం. యమహా బండ్ల పిస్టన్లు పావు మిల్లీమీటరు చొప్పున నాలుగు పెద్ద సైజులలో, అనగా ఒక మిల్లీమీటరు వరకు తయారయ్యాయి. ఆర్‌ఎక్స్ 100 సిలిండరు వ్యాసం 50 మిల్లీమీటర్లు. 51 దాటిందంటే ఆ సిలిండరుకు కొత్త గొట్టం దిగగొట్టవలసిందే. గత యజమానులు ఎన్నిసార్లు బోరింగు చేయించారో బండి పైకి చూస్తే తెలియదు. కనుక సిలిండరు విప్పి, కొలిచి, ఆ తరువాత మాత్రమే పిస్టనుకు కబురు పెట్టాలి. ఉత్సాహం కొద్దీ ముందే పిస్టను తెప్పించుకుని, పిదప సిలిండరు విప్పేవారు లేకపోలేదు.

పిస్టను రింగుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. సిలిండరు గోడలో కిటికీల వంటి రంధ్రాలు ఉండటం చేత రింగు చివరలు వాటిలో చిక్కుకోకుండా పిస్టను గాడిలో చిన్న మేకు అమర్చి ఉంటుంది. నకిలీ పిస్టన్లలో ఈ మేకు వదులై ఊడి వస్తే సిలిండరు గోడ గీరుకుపోతుంది. అట్టపెట్టె మీద ముద్ర చూసి అసలో నకిలీయో చెప్పడం నేడు సాధ్యం కాదు. ముద్రణ ఖర్చు లోహం ఖర్చు కంటె తక్కువ కదా.

ఇక క్రాంకు. రెండు స్ట్రోకుల బండ్లలో ఇది ఒకే ముక్కగా ఉండదు. రెండు బరువైన చక్రాల నడుమ ఇరుసును ఒత్తిడితో బిగించి, దానికి కనెక్టింగ్ రాడ్డును తొడుగుతారు. రాడ్డు బేరింగు అరిగినపుడు ప్రెస్సు మీద విడదీసి, కొత్త రాడ్డు వేసి, మరల బిగించి, వెంట్రుక మందం తేడా కూడా లేకుండా సమం చేయాలి. రాడ్డు కిట్టు దొరికినంత మాత్రాన పని కాదు. దానిని సమం చేయగల చేయి కావాలి. అటువంటి పనివారు పెద్ద పట్టణాలలో కూడా వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మందే మిగిలారు. రాజ్‌దూత్ 350కి రెండు సిలిండర్లు గనుక దాని క్రాంకు మరింత క్లిష్టం. నడిమి సీలు కూడా పాడైతే మొత్తం క్రాంకునే విడదీయాలి. ద్వీపంలో ఉన్న యజమాని ఇక్కడ రెండు మార్గాలలో ఒకటి ఎంచుకోవాలి: విడిభాగాన్ని ఇక్కడికి తెప్పించుకోవడం, లేదా క్రాంకునే ఓడెక్కించి విశాఖకో, చెన్నైకో పంపడం. అనుభవజ్ఞులు రెండోదానినే మేలంటారు.

నంబరు తెలిస్తే సగం పని

అయితే పరిస్థితి పూర్తిగా నిరాశాజనకం కాదు. పాత బండిలోని చాలా భాగాలకు బండి పేరుతో నిమిత్తం లేదు. బేరింగులు అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం నంబర్లతో తయారవుతాయి. 6205 అని ముద్రించి ఉన్న బేరింగు లోపలి వ్యాసం 25, వెలుపలి వ్యాసం 52, మందం 15 మిల్లీమీటర్లు. అది మోటారు సైకిలులో ఉన్నా, నీటి పంపు మోటారులో ఉన్నా కొలత ఒక్కటే. ఆయిల్ సీళ్ల మీద కూడా ఇదే విధంగా మూడు కొలతలు ముద్రించి ఉంటాయి. పడవ ఇంజన్లకు, పంపు సెట్లకు బేరింగులు అమ్మే దుకాణంలో జావా పేరు చెబితే లేదంటారు. నంబరు చెబితే తీసి ఇవ్వవచ్చు. ఒక మెలిక మాత్రం ఉన్నది. క్రాంకుకు వాడే బేరింగుకు వేడిలో వ్యాకోచించేందుకు లోపల కొంత వదులు ఉండాలి. నంబరు పక్కన సి3 అన్న గుర్తు దానికే. గుర్తు లేని బేరింగు కూడా చక్కగానే బిగుస్తుంది, కొంతదూరం చక్కగానే నడుస్తుంది.

బుష్షులు, ఇరుసులు, స్టాండు పిన్నుల వంటివి లేతు మీద తయారు చేయించవచ్చు. మ్యాగ్నెటో కాయిలుకు తీగ తిరిగి చుట్టించవచ్చు. క్లచ్ ప్లేట్లకు కొత్త కార్కు అతికించడం పాతకాలం నుంచి ఉన్న పద్ధతే. ఎక్కడా తయారు చేయించుకోలేనివి గేరు పళ్లు, పోతపోసిన ఇంజను పెట్టెలు, మీటర్లు, అసలు కార్బురేటర్లు. పాత జావాల మీద వచ్చిన జికోవ్ కార్బురేటరు లోపలి భాగాలు అరిగిపోతే ఎన్నిసార్లు బిగించినా ఇంజను నిలకడగా తిరగదు. అనేకులు దానిని తీసివేసి వేరొక కార్బురేటరు అమర్చుకుని తృప్తిపడుతున్నారు. దానిని పునరుద్ధరణ అనవచ్చునా, మరమ్మతు అనాలా అన్న విషయమై అభిమానులలో తెగని వాదం నడుస్తున్నది.

కలిసి వచ్చే సంతలు

దేశంలో పాత విడిభాగాలకు పేరుపడిన సంతలు కొన్ని ఉన్నాయి. చెన్నైలో పుదుపేట, కోల్‌కతాలో మల్లిక్ బజారు, ఢిల్లీలో కరోల్ బాగ్, బెంగళూరులో జె.సి. రోడ్డు, హైదరాబాదులో పుత్లీబౌలి, సికింద్రాబాదులో రాణీగంజ్, విజయవాడలో జవహర్ ఆటోనగర్ ఆ కోవలోనివి. వీటిలో చెన్నై, కోల్‌కతాలు ద్వీపాలకు ఓడ దారిలో ఉండటం సిప్పీఘాట్ వంటి చోట్ల యజమానులకు కొంత ఊరట.

ఈ సంతలలో సామాను మూడు తరగతులుగా చెలామణి అవుతుంది. మొదటిది కంపెనీ సామాను: బండ్లు తయారయ్యే రోజులలో వచ్చి, అమ్ముడుపోక అటకల మీద మిగిలిపోయిన అసలు విడిభాగాలు. మూతపడిన డీలర్ల గోదాముల నుంచి ఇవి అప్పుడప్పుడు బయటపడతాయి. ఏళ్లు గడిచే కొద్దీ ఇవి తరుగుతున్నాయే గాని పెరిగే అవకాశం లేదు. పైగా అసలు సామాను అన్నంత మాత్రాన అన్నీ పనికివస్తాయని కాదు. పాతికేళ్లు అటక మీద ఉన్న రబ్బరు సీలు, బండిలో ఉన్న సీలు లాగానే గట్టిపడి ఉంటుంది. రెండవది లూధియానా, రాజ్‌కోట్ వంటి చోట్ల చిన్న పరిశ్రమలలో తయారయ్యే కొత్త సామాను. దీనిలో మంచి, చెడు రెండూ ఉన్నాయి. మూడవది విప్పిన బండ్ల నుంచి తీసినది.

మూడవదానితోనే అసలు చిక్కు. ఒక బండిని నిలబెట్టేందుకు మరొక బండిని విప్పవలసి వస్తున్నది. కాగితాలు లేని బండి, ప్రమాదానికి గురైన బండి, గ్రామాలలో తక్కువ ధరకు దొరికిన బండి ఈ విధంగా ముక్కలవుతాయి. కాగితాలు సక్రమంగా ఉండి, కొద్ది మరమ్మతుతో నడవగలిగిన బండిని సైతం విడిగా అమ్మితే ఎక్కువ గిట్టుబాటు అవుతుందని విప్పివేయడం కద్దు. దొంగిలించిన బండ్ల సామాను కూడా ఇటువంటి సంతలకే చేరుతుందన్న అనుమానం ఎప్పుడూ ఉన్నదే. ఇంజను నంబరు, చాసిస్ నంబరు రిజిస్ట్రేషను పత్రంతో సరిపోలని పక్షంలో కొన్నవాడు చిక్కులో పడతాడు. వేరే ఇంజను వేసినట్లయితే రిజిస్టరింగ్ అధికారికి తెలియపరచి పత్రంలో నమోదు చేయించుకోవాలని మోటారు వాహనాల చట్టం నిర్దేశిస్తున్నది. దూరాన ఉండి ఇంజను కొనే ద్వీపవాసి సామాను కంటె ముందుగా దాని రశీదును అడగడం క్షేమం.

విదేశాల వైపు చూపు

విదేశాలలో పరిస్థితి కొంత మెరుగు. జావా పుట్టిన చెక్ దేశంలో పాత నమూనాలకు విడిభాగాలు నేటికీ తయారవుతున్నాయి. మైసూరు జావా తొలి నమూనాలు చెక్ నమూనాలకు దగ్గర గనుక ఆ సామానులో చాలా భాగం సరిపోతుంది. తరువాతి యెజ్డిలకు మైసూరులోనే మార్పులు జరిగినందున అదే మాట చెప్పలేము. రాజ్‌దూత్ 350 విషయంలో ఇంజను లోపలి భాగాలు అమెరికా, బ్రిటన్‌లలోని ఆర్‌డి 350 సామానుతో చాలావరకు కలుస్తాయి. అమెరికాలో అమ్మిన బండికి ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఉండగా, మన దేశంలో తయారైన దానికి డ్రమ్ము బ్రేకు. కనుక బ్రేకు సామాను తెప్పించుకుంటే వృథా. రవాణా, కస్టమ్స్ సుంకాలు కలిపితే వస్తువు ధర కంటె తెచ్చుకునే ఖర్చు ఎక్కువ కావడం మామూలే.

దీనికి విపరీతంగా మన సామాను విదేశాలకు పోయిన ఉదంతం కూడా ఉన్నది. ఇటలీకి చెందిన ఇన్నోసెంటి సంస్థ నుంచి లాంబ్రెటా యంత్రాలను కొని లక్నోలో స్థాపించిన ప్రభుత్వరంగ స్కూటర్స్ ఇండియా సంస్థ 1997లో స్కూటర్ల తయారీ ఆపివేసింది. బ్రిటన్‌లోని లాంబ్రెటా అభిమానులు లక్నో విడిభాగాలను ఓడల మీద దిగుమతి చేసుకున్నారు. ఇక్కడ తుక్కుగా చూసిన సరుకు అక్కడ అపురూపమైంది. స్కూటర్స్ ఇండియా మూసివేతకు కేంద్ర మంత్రివర్గం 2021లో ఆమోదం తెలిపింది.

ఇదిలా ఉండగా జావా పేరుతో 2018లో, యెజ్డి పేరుతో 2022లో మహీంద్రా సంస్థకు వాటా ఉన్న క్లాసిక్ లెజెండ్స్ కొత్త మోటారు సైకిళ్లను విడుదల చేసింది. పాత బండ్ల యజమానులు దీనితో విడిభాగాలు కూడా వస్తాయేమోనని ఆశపడ్డారు. కొత్తవి నాలుగు స్ట్రోకుల ఇంజన్లు. పేరు తప్ప పాత బండికి, కొత్త బండికి ఒక్క మర కూడా ఉమ్మడిగా లేదనదగును.

చట్టం కంట్లో పాతబడని బండి

2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ పురాతన వాహనాలకు ప్రత్యేక నియమావళిని ప్రకటించింది. 50 సంవత్సరాలు పైబడి, గణనీయమైన మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు లభిస్తుంది. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ప్రదర్శనలు, ర్యాలీలు, పరిశోధన, మరమ్మతుల వంటి వాటికి తప్ప నిత్యం రోడ్డు మీద నడపరాదని షరతు.

ఈ లెక్కన 1985లో తయారైన మొదటి ఆర్‌ఎక్స్ 100 కూడా 2035 వరకు పురాతన వాహనం కాజాలదు. చివరి యెజ్డి 2046 వరకు వేచి ఉండాలి. అంతవరకు అవి చట్టం దృష్టిలో కేవలం కాలం తీరిన మామూలు బండ్లు. పదిహేనేళ్ల తరువాత ప్రతి అయిదేళ్లకొకసారి వాహనాన్ని అధికారికి చూపి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. ద్విచక్ర వాహనాలకు 300 రూపాయలుగా ఉన్న ఈ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 1,000 రూపాయలకు, 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో 2,000 రూపాయలకు పెంచారు. రుసుము కంటె గడువు ముఖ్యం. అధికారి ముందుకు బండి నడిచి వెళ్లాలి. నడవాలంటే విడిభాగం రావాలి. ఆలస్యమైతే అపరాధ రుసుము నెల నెలా పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్ నంబరుతో ద్వీపానికి తెచ్చిన బండికి మరొక పని కూడా ఉన్నది. పన్నెండు నెలలు మించి ఇక్కడ ఉంచదలిస్తే పాత కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకుని ‘ఏఎన్’ నంబరు పొందవలసి ఉంటుంది. తండ్రి పేరున ఉన్న బండి అయితే వారసత్వ పత్రాలు అదనం. ఇంజను కంటె ముందు ఫైలు కదలవలసిన సందర్భాలే ఎక్కువ.

ఒక్క విషయంలో మాత్రం సముద్రం మేలు చేసింది. పెట్రోలులో ఇథనాల్ కలిపే పథకాన్ని 2019 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటికీ విస్తరించినపుడు అండమాన్ నికోబార్, లక్షద్వీపాలను మినహాయించారు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాత బండ్ల రబ్బరు గొట్టాలు, కార్బురేటరు వాషర్లు, ట్యాంకు లోపలి రేకు ఆ తేమకు త్వరగా పాడవుతాయి. ప్రధాన భూభాగంలో ఇథనాల్ వాటా 2025 నాటికి 20 శాతానికి చేరగా, అక్కడి యజమానులు గొట్టాలు, వాషర్లు మార్చుకునే పనిలో పడ్డారు.

నూనె సంగతి కూడా ఇటువంటిదే. జావా, రాజ్‌దూత్ 175 బండ్లకు పెట్రోలులోనే నూనె కలపాలి. ఆర్‌ఎక్స్ 100, రాజ్‌దూత్ 350లకు వేరే నూనె ట్యాంకు, దానిని అందించే చిన్న పంపు ఉంటాయి. ఆ పంపు భాగాలు దొరకక చాలామంది దానిని తొలగించి చేత్తోనే నూనె కలుపుకుంటున్నారు. 2టి నూనె మోపెడ్ల పుణ్యమా అని పెట్రోలు బంకుల్లో చాలాకాలం సులభంగా దొరికింది. 2015లో టీవీఎస్ సంస్థ నాలుగు స్ట్రోకుల మోపెడ్‌ను ప్రవేశపెట్టిన దరిమిలా ఆ గిరాకీ కూడా తగ్గుముఖం పట్టింది.

దీనితో ద్వీపాల్లో పాత బండి గలవారు ఓడ వచ్చే తేదీని బట్టి జాబితాలు సిద్ధం చేసుకోవడం తప్పనిసరి అవుతున్నది. సిలిండరు కొలత, బేరింగు నంబరు, సీలు మీది మూడు అంకెలు, గేరు పళ్ల సంఖ్య కాగితం మీద రాసి, పాత ముక్కను గుడ్డలో చుట్టి, విశాఖ వెళ్లే ప్రయాణికుని చేతికి ఇవ్వడం నేటికీ అన్నిటికంటె నమ్మదగిన పద్ధతి. ముక్క చేతిలో ఉంటే దుకాణదారు బండి పేరు అడగడు, పక్కన పెట్టి చూసి ఉందో లేదో చెబుతాడు. లేదని చెబితే చెన్నై ఓడ ఎప్పుడో కనుక్కోవాలి.